సరిచెయ్యడానికి అక్కడ ఏం చెడింది?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో డాక్టరుగారి జవాబులు నేను వదలకుండా చదువుతాను. ఈమధ్య ఒకమ్మాయి, యోని లోపలి పెదవులు బయటికి కనిపిస్తున్నాయి, పెళ్లి కుదిరింది, ఏం చెయ్యాలి అని అడిగితే "చిన్న ఆపరేషన్‌తో సరిచేసుకోవచ్చు" అని రెండు లైన్లలో తేల్చేశారు. సరిచెయ్యడానికి అక్కడ ఏం చెడిందండీ?

నేను బెంగళూరులో చాలా ఏళ్లు గైనిక్ ఓపీలో నర్సుగా చేశాను. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన అనంతపురం, కడప పిల్లలు డాక్టరమ్మ ముందు నోరు విప్పరు, తెలుగు నర్సు కనిపిస్తే మాత్రం పక్కకు పిలిచి "అక్కా, కింద నాకేదో తేడాగా ఉంది" అని మొదలుపెట్టేవాళ్లు. చూస్తే ఏ తేడా ఉండదు. వాక్సింగ్ చేయించుకున్నాక అద్దంలో చూసుకుని, ఫోన్లో కనిపించే ఫొటోలతో పోల్చుకుని టెన్షన్ పడ్డవాళ్లే ఎక్కువ. ఆ ఫొటోలు సరిదిద్దినవని వాళ్లకెవరు చెప్తారు?

2018లో స్విట్జర్లాండ్ డాక్టర్లు 15 నుంచి 84 ఏళ్ల దాకా ఉన్న 657 మందిని కొలిచారు. లోపలి పెదవుల పొడవు ఒకరికి 5 మిల్లీమీటర్లు, ఇంకొకరికి 100. వాళ్లంతా తెల్లవాళ్లే, అయినా అంత తేడా. అంతకుముందు 2005లో లండన్‌లో 50 మందిని కొలిస్తే వాటి వెడల్పు (మొదలు నుంచి అంచు దాకా) 7 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది ఉండటం, అంచులు ముడతలుగా, నల్లగా ఉండటం మామూలే. ఈడొచ్చేటప్పుడు పెరుగుతాయి, ముట్లుడిగాక కొంత తగ్గుతాయి. అందుకే పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ ఆపరేషన్ తొందరపడి చెయ్యొద్దంటారు.

ఆపరేషనే వద్దని నేననడం లేదు. స్కూటీ మీద, సైకిల్ మీద కూర్చుంటే ఒరుసుకుని పుండ్లు పడేవాళ్లు, బిగుతు బట్టలు వేసుకోలేనివాళ్లు నిజంగానే ఉంటారు. వాళ్లకైనా ముందు ఇన్ఫెక్షన్, చర్మం జబ్బు ఏమన్నా ఉన్నాయేమో చూడాలి, సువాసన సబ్బులు మానిపించాలి, వదులు కాటన్ బట్టలు, కాస్త వాజలీన్ వాడి చూడమనాలి. అప్పటికీ తగ్గకపోతే లేబియాప్లాస్టీ, అంటే లోపలి పెదవులను కోసి చిన్నవి చేసే ఆపరేషన్. అంచు వెంబడి కత్తిరించేది ఒక పద్ధతి, మధ్యలో వి ఆకారంలో ముక్క తీసి కుట్టేది ఇంకోటి. గంటా రెండు గంటల్లో అయిపోతుంది గానీ వాపు వారాల తరబడి ఉంటుంది, నెలా నెలన్నర దాకా కలయిక, సైకిల్ రెండూ బంద్. రక్తస్రావం, కుట్లు విడిపోవడం, మచ్చ, ఎక్కువ కోసేయడం, స్పర్శ తగ్గడం, కలయికలో నొప్పి, ఇవన్నీ జరగొచ్చు. నరాలు దట్టంగా ఉండే చోటు కదా, కోసింది మళ్లీ రాదు. అందం కోసం చేసే ఇలాంటి ఆపరేషన్ల వల్ల మేలుందనడానికి గట్టి ఆధారాలు లేవని ముందే చెప్పాలని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2020లో తమ డాక్టర్లకే రాసింది.

మీ జవాబులో ఇందులో ఒక్క ముక్కా లేదు, కింద మాత్రం కాస్మెటిక్ క్లినిక్ ప్రకటన ఉంది (కావాలని పెట్టారనను, చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది). ఆ అమ్మాయికి నొప్పి ఉందా లేదా అనైనా అడగలేదు. దయచేసి ఆమెకు ఇంకో జవాబు వేయించండి, ఈసారి కొలతలతో, వీలైతే నాలుగైదు రకాల బొమ్మలతో. పెళ్లి దగ్గర పడకముందే వేయండి.

— ఒక రిటైర్డ్ నర్సు, బెంగళూరు