ఆ పిల్లాడి పేరు కొట్టెయ్యకు

నెల్లూరు, మూలాపేట
మే 3, ఉదయం

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ వేసవి సంగీతం క్లాసు గురించి నువ్వన్న మాటకి నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. "తొమ్మిది మందిలో ఒక్కడే కలవడం లేదమ్మా. గొంతు ఉన్నట్టుండి పైకి పోతుంది, ఉన్నట్టుండి కిందికి పడుతుంది. వాడి వల్ల మిగతా పిల్లల శ్రుతి కూడా చెడుతోంది. వాళ్లమ్మకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా" అన్నావు. నేను సరేలే అని పెట్టేశాను. అలా అనాల్సింది కాదు. మళ్లీ ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు పాపకి అన్నం పెడుతూ సగం విని సగం వదిలేస్తావు. అందుకే మూలస్థానేశ్వరుడి గుడికి పోయొచ్చి, కాఫీ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. పాప పడుకున్నాక నిదానంగా చదువు.

వాడికి పదమూడేళ్లని నువ్వే చెప్పావు. అది శ్రుతిజ్ఞానం లేకపోవడం కాదమ్మా, గొంతు మారడం.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 1998 వేసవి. నువ్వు నాలుగేళ్ల పిల్లవి, పాఠం జరుగుతుంటే నా ఒళ్లోనే నిద్రపోయేదానివి. స్టోన్‌హౌస్‌పేట నుంచి ఒక అబ్బాయి సైకిల్ మీద వచ్చేవాడు. అంతకు ముందు రెండు వేసవులూ వచ్చాడు, బాగా పాడేవాడు. నా మొదటి బ్యాచీల్లో తాళం అంత కచ్చితంగా వేసినవాడు ఇంకొకడు లేడు. మూడో ఏడు వచ్చేసరికి పొడుగయ్యాడు, పెదవి మీద నూనూగు మీసం. హాల్లో పదకొండు మంది పిల్లలు, అందరికీ కలిపి 5 శ్రుతి, అంటే హార్మోనియం మీద ఐదో తెల్లమెట్టే స. పైస్థాయికి ఎక్కే హెచ్చుస్థాయి వరుసలు పాడిస్తున్నాను. పై షడ్జం, అదే పై స, దగ్గర వాడి గొంతు ఫెళ్లున విరిగింది. ఇద్దరు ఆడపిల్లలు నవ్వారు. నేను వాళ్లని ఆపలేదు. పైగా "ఇంట్లో సాధన చెయ్యకపోతే ఇట్లాగే ఉంటుంది" అన్నాను.

మర్నాడు వచ్చాడు. వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. మోకాలి మీద తాళం వేస్తున్నాడు. తట్టు, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పెదవులు కదుపుతున్నాడు. శబ్దం లేదు. వారం రోజులు అట్లా శబ్దం లేకుండా పాడాడు చిన్నీ. నేను చూశాను. చూసి, పోనీలే, బ్యాచీ శ్రుతిగా ఉందనుకున్నాను. ఆ తర్వాత వాడు రాలేదు. వాళ్ల నాన్న ఆ నెల పాఠాలకి నాకివ్వాల్సిన జీతం మొత్తం తెచ్చి ఇచ్చి వెళ్లాడు, నేను తీసుకున్నాను. తర్వాత వాడిని ట్రంకు రోడ్డులో రెండుమూడు సార్లు చూశాను. సైకిల్ దిగి నమస్కారం పెట్టేవాడు. పాడుతున్నావా నాన్నా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇంకో రెండేళ్లకి ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు వాళ్లమ్మాయిని నా దగ్గర చేర్పించారు. మాటల్లో ఆయన చెప్పేదాకా నాకు ఈ విషయం సరిగ్గా తెలియదు. పన్నెండు, పదమూడేళ్లప్పుడు మగపిల్లల్లో స్వరపేటిక పెరుగుతుంది, లోపలి స్వరతంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి. వీణలో తీగ పొడుగైతే నాదం కిందికి దిగినట్టే వీళ్ల గొంతూ దిగుతుంది. అంతా అయ్యేసరికి ఇంచుమించు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింద స దాకా ఉన్నంత, తగ్గుతుంది. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది. ఆ మధ్యకాలంలో పాత కొలత ప్రకారం స్వరం పట్టబోతే గొంతు జారిపోతుంది. చెవి బాగానే ఉంటుంది, పట్టాల్సిన చోటూ వాడికి తెలుసు. గొంతే కొత్తది.

అందుకని నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. వాడిని ఆ ఎనిమిది మందితో కలిపి పాడించకు. వాళ్లందరూ వెళ్లాక ఒక పావుగంట విడిగా కూర్చోబెట్టు. 1 శ్రుతితో మొదలుపెట్టు. కింద స పలకకుండా గాలి పోతుంటే 2కి, 3కి పెంచి చూడు. ఎక్కడ వాడి ముఖం తేటపడుతుందో అదే వాడి శ్రుతి. స నుంచి ప దాకా చాలు, ఈ వేసవికి అంతకు మించి వద్దు. నీకు ఆ శ్రుతిలో పాడటం ఎట్లా అని భయపడకు. 1 శ్రుతిలో స నుంచి ప దాకా అంటే నువ్వు పాడే 5 శ్రుతిలో మ నుంచి పై స దాకా ఉన్న చోటే. నువ్వు హాయిగా పాడగలవు. వాడు దానికి ఒక స్థాయి కింద పలుకుతాడు, రెండూ కలిసే వినిపిస్తాయి. గట్టిగా పాడమనకు. విరిగితే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టమను. పదిహేను రోజులకొకసారి శ్రుతి మళ్లీ చూడు, మారుతుంది. పొద్దున బ్యాచీలో మాత్రం వాడిని నీ పక్కనే కూర్చోబెట్టుకుని తాళం వేయించు. అది వాడికి చేతనవును కదా.

ఇది గొంతు మారే వయసని వాడికీ వాళ్లమ్మకీ విడిగా చెప్పు. నలుగురిలో చెప్పకు. ఆ వయసు పిల్లలకి మీసం గురించి మాట్లాడినా ప్రాణం పోయినట్టుంటుంది.

అసలు తొమ్మిది మందిని ఒకే శ్రుతిలో కూర్చోబెట్టడమే ఇబ్బంది. నీకు గంట కలిసొస్తుంది, అది నిజమే. నేనూ ఎన్నో ఏళ్లు అట్లాగే చేశాను. నువ్వు వయసుని బట్టి విడదీశావు, చిన్నవాళ్లు ఒకచోట, పెద్దవాళ్లు ఒకచోట. శ్రుతిని బట్టి విడదియ్యి. ఒక్కొక్కరిని పిలిచి స పట్టమను, తర్వాత ప, తర్వాత పై స. అప్పుడు చెవితో వినడమే కాదు, కంటితో చూడు. పై స దగ్గర గడ్డం పైకి లేచి, మెడ నరాలు ఉబ్బి, కనుబొమలు ముడిపడితే శ్రుతి ఎక్కువైంది. కింద స దగ్గర మాట్లాడినట్టు గొణిగితే తక్కువైంది. ఇద్దరు 5లో, నలుగురు ఐదున్నరలో, ఇద్దరు 4లో తేలతారు. ఆ నోటుబుక్‌లో పేరు పక్కన జీతం కట్టారా లేదా అని రాసుకున్నావు చూడు, దానికంటే ముందు శ్రుతి రాసుకో. పాఠం చెప్పేది మనమైనా శ్రుతి వాళ్లది. మనం వాళ్ల దగ్గరికి దిగాలి, ఎక్కాలి.

తంబురా యాప్ పెట్టుకున్నప్పుడు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. నిన్న నాతో మాట్లాడుతుంటేనే మూడు కాల్స్ వచ్చాయి. సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే తంబురా పిల్లల చెవికి చేరదు, ఆ మోతకి పోటీగా అరుస్తారు. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి, పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించెయ్యి. సాయంత్రం బ్యాచీ పెట్టకు. అప్పటిదాకా వీధిలో క్రికెట్ ఆడి, అరిచి అరిచి బొంగురు గొంతుతో వస్తారు. ఈ నెలాఖరుకి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో తొమ్మిది దాటాక ఏ తల్లయినా పిల్లలని బయటికి ఎట్లా పంపుతుంది?

మాయామాళవగౌళ రాగం చెబుతున్నావు కదా, రి దగ్గర ఆగు. ఎక్కువసేపు ఆగు. ఈ కాలం పిల్లలకి ఇంట్లో కీబోర్డు ఉంటుంది, స నుంచి వరసగా తెల్లమెట్లు నొక్కుకుంటూ పోతారు. వాళ్ల చెవిలో ఉండేది చతుశ్శ్రుతి రిషభం, అంటే కాస్త పైనుండే రి. మనది శుద్ధ రిషభం, స కి ఆనుకునే ఉంటుంది. ఒకటో శ్రుతిలో చూస్తే రి, ద రెండూ నల్లమెట్లే. అది నొక్కి చూపించు, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. పురందరదాసు ఈ రాగంతో పాఠాలు మొదలుపెట్టించాడని పెద్దలు చెబుతారు. ఎందుకో చెబుతూ చెబుతూ నాకు తెలిసొచ్చింది. స రి దగ్గర దగ్గరగా, రి గ దూరంగా, గ మ మళ్లీ దగ్గరగా. ప ద ని స కూడా అచ్చం అదే కొలత. కింది సగం వచ్చిన పిల్లకి పై సగం కూడా సగం వచ్చినట్టే. నేను వారం మొత్తం స రి గ మ మీదే ఉండేదాన్ని. తల్లిదండ్రులు గుమ్మం దగ్గర నిలబడి "ఇంకా సరిగమలేనా అండీ" అనేవాళ్లు. నీకూ అంటారు.

పాట కావాలంటారు. జూన్ 12కి బడి తెరిచేలోపు ఒక కీర్తన వచ్చేస్తే వీడియో తీసి చుట్టాలకి పంపాలని వాళ్ల ఆశ. తప్పేమీ లేదు, కడుపున పుట్టిన పిల్ల పాడితే వినాలని ఎవరికుండదు? కానీ నెలాపది రోజుల్లో పెళ్లిళ్లకి, తిరుమలకి, అమ్మమ్మ ఊరికి పోగా నీకు మిగిలేది ముప్ఫై రోజులే. అందులో మొదటి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, గట్టిగా వస్తే గొప్ప. చివరి వారంలో మలహరి రాగంలో ఒక పిళ్లారి గీతం చెప్పు, మొదట్లో నేర్పే చిన్న పాటే కదా. మాయామాళవగౌళలో నేర్చుకున్న స్వరాలే అందులోనూ ఉంటాయి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. వీడియోకి అది చాలు.

సినిమా పాట పాడతామంటే మాత్రం కసరకు. పాఠం అయిపోయాక చివరి అయిదు నిమిషాలు ఎవరికిష్టమైన పాట వాళ్లని పాడుకోనియ్యి. ఎస్పీ బాలు గారి నాన్న సాంబమూర్తిగారు హరికథలు చెప్పిన ఊళ్లో, బాలు గారి పాట వింటూ పెరిగినదానివి నువ్వు. ఆ పాటలోనూ శ్రుతి ఎక్కడుందో వాళ్లనే వెతకమను. గొంతు మారుతున్న ఆ పిల్లాడు కూడా ఆ అయిదు నిమిషాల్లో కిందిస్థాయిలో కూనిరాగం తీస్తాడు, చూడు.

"ఒంగోలులో కర్ణాటక సంగీతం ఎవరికి కావాలమ్మా" అని మొదట్లో దిగులుపడ్డావు. తొమ్మిది మంది వచ్చారు కదా! ఇది తంజావూరు విద్య, మనకి అచ్చిరాదని ఎవరైనా అంటే త్యాగరాజస్వామి ఇంటిపేరు ఏమిటని అడుగు. కాకర్ల. ఆ కాకర్ల మీ ఒంగోలుకి పడమటగా, కంభం దగ్గర ఉన్న ఊరు. శ్యామశాస్త్రిగారి పూర్వీకులు కూడా కంభం నుంచే తమిళదేశం వెళ్లారంటారు. అంత దూరం పోయినా త్యాగరాజస్వామి పాడింది ఎక్కువగా తెలుగులోనే. నీ పిల్లలకి ఒకరోజు మ్యాప్ తెచ్చి ఆ ఊళ్లు చూపించు. నేను మన మూలాపేట పిల్లలకి చూపిస్తే, వాళ్లలో ఒకమ్మాయి మా అమ్మమ్మ వాళ్లది గిద్దలూరు అని ఎగిరి గంతేసింది.

జీతం విషయం. ఇద్దరి దగ్గర తీసుకోలేదని చెప్పావు. ఇంటి పరిస్థితి తెలిసి తీసుకోకపోతే మంచిదే. మొహమాటానికి వదిలేస్తే మాత్రం వద్దు. నేను మొదలుపెట్టినప్పుడు నెలకి 60 రూపాయలు. మీ నాన్న జీతం అందని నెలల్లో ఆ డబ్బులే మనకి బియ్యం, పాలు. సంగీతం అమ్ముకుంటున్నానేమో అన్న టెన్షన్ నాకూ ఉండేది. గంట గంటకీ గొంతు పెట్టి పాడి చూపించేది మనిషే కదా చిన్నీ, ఆ మనిషి అన్నం తినాలి. ఆ పిల్లాడి దగ్గర పావుగంటకి విడిగా ఏమీ అడగకు, అంతే.

నీ గొంతు కూడా చూసుకో. రెండు గంటలు పాడి, వెంటనే పాపని కసురుతూ వంటింట్లో అరవకు. మజ్జిగ తాగు. నిన్న నీ మాటలో జీర వినపడింది.

ఆదివారం సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాను. దీపాలు పెట్టే వేళకి ఒంగోలులో దిగుతాను, అల్లుడుగారిని స్టేషన్‌కి రమ్మను. నా పాత శ్రుతిపెట్టె తెస్తున్నాను. కరెంటు పోయినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా అది పలుకుతుంది. దాని తిత్తి నిన్ననే తుడిచి చూశాను, ఎక్కడా గాలి పోవడం లేదు. ఆవకాయ కొత్తది ఇంకా ఊరలేదు, పాతదే చిన్న జాడీలో పెడతాను.

సోమవారం పొద్దున బ్యాచీ అయిపోయాక ఆ పిల్లాడిని ఉండమను. నేను పక్కన కూర్చుంటాను, నువ్వే పాడించు. అప్పటిదాకా వాళ్లమ్మకి ఫోన్ చెయ్యకు, నోటుబుక్‌లో వాడి పేరు కొట్టెయ్యకు.

అమ్మ