గట్లు దాటిన వేసవి: మన ఉమ్మడి తోట సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏటి నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. తోటలో పని ఏడాది పొడవునా సాగుతూనే ఉన్నా, ఇందులో ఎక్కువ భాగం వేసవికే కేటాయించాను. మిగతా కాలాల్లో ఎవరి మడిలో వారు పనిచేసుకొని వెళ్లిపోయినా తోట నడిచిపోతుంది. వేసవిలో అలా కుదరదు. తొట్టిలో ఉన్న నీరే అందరికీ సరిపోవాలి. ఊరెళ్లినవారి మొక్కలను ఉన్నవారు కాపాడాలి. ఒక మడిలో పుట్టిన పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) కొద్ది రోజుల్లోనే పక్క మడిలో తేలుతుంది. మడుల మధ్య గట్లు మన సౌకర్యం కోసం మనం వేసుకున్నవి. నీటికీ పురుగుకూ తేనెటీగకూ వాటితో పని లేదు. ఈ సంగతిని గుర్తుంచుకొని పనిచేసినందువల్లే ఈసారి వేసవిని బాగా దాటగలిగామని నా గట్టి నమ్మకం.

ముందుగా నీటి విషయం. ఎండలు ముదరకముందే సమావేశమై వంతుల పద్ధతి పెట్టుకున్నాం. తెల్లవారినప్పటి నుంచి ఎండెక్కేదాకా, మళ్లీ పొద్దు వాలిన తర్వాత మాత్రమే గొట్టం తీయాలన్నాం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పెట్టిన నీటిలో చాలా భాగం వేరుకు అందకముందే ఆవిరైపోతుంది. సాయంత్రం కంటే ఉదయమే మేలని అనుభవజ్ఞులైన సభ్యులు చెప్పారు. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే తెగుళ్లు తేలిగ్గా అంటుకుంటాయి. ఉదయం తడిసిన ఆకు ఎండ రాగానే ఆరిపోతుంది. ఆకుల మీద చల్లడం మానేసి మొక్క మొదట్లో, నేలకు దగ్గరగా పోయడం చాలామందికి అలవాటైంది.

రోజూ కాసిని చిలకరించాలా, లేక రెండు మూడు రోజులకోసారి నిండుగా పెట్టాలా అన్న చర్చ ఈ ఏడు గట్టిగానే జరిగింది. చివరికి ఒక పెద్దాయన పార తెచ్చి, రోజూ చిలకరిస్తున్న మడిలో ఒక మూల తవ్వి చూపించారు. పైన రెండు వేళ్ల మందం నల్లగా తడిసి ఉంది, దాని కింద మట్టి పిండిలా పొడిపొడిగా ఉంది. టమాటా వేర్లు ఆ పై పొరలోనే చాపలా అల్లుకుపోయాయి. ఆ పొర ఒక్క పూట ఆరితే మొక్క తల వాలుస్తుంది. నిండుగా పెట్టి ఆరనిచ్చిన మడిలో వేర్లు తడిని వెతుక్కుంటూ లోపలికి దిగాయి. ఆ తర్వాత ఈ విషయంపై ఎవరూ వాదించలేదు. ఇప్పుడే మొలకెత్తిన విత్తనాలకు, కొత్తగా నాటిన నారుకు మాత్రం రోజూ తడి కావాల్సిందే. వాటికి మినహాయింపు ఇచ్చాం.

పనిముట్ల గది పైకప్పు నుంచి కారే వాననీటిని పట్టేందుకు గొట్టం అమర్చి పీపాలు పెట్టాం. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు. అంటే 20 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల జల్లు పడితే దాదాపు 200 లీటర్లు దక్కుతాయి. వేసవిలో అలాంటి జల్లు ఒకటి దొరికినా అది మనకు పెన్నిధి. పీపాలన్నింటికీ మూతలు, సన్నని వల తప్పనిసరి చేశాం. వెచ్చటి వాతావరణంలో దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కుండీల కింద పళ్లాలను, మరిచిపోయిన బకెట్లను వారానికోసారి బోర్లించే పనిని పిల్లలు తమంతట తామే తీసుకున్నారు. వాళ్ల కన్నుగప్పి ఒక్క డబ్బా కూడా మిగల్లేదు.

నీటిని పొదుపు చేయడంలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది మాత్రం నేల మీద కప్పు. ఒక ఆదివారం అందరం చేరి ఎండుటాకులు, ఎండుగడ్డి, కోసి ఆరబెట్టిన కలుపు తెచ్చి మడులన్నింటినీ కప్పాం. గింజ కట్టిన కలుపును మాత్రం ఏరి పక్కన పెట్టాం. కప్పు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం ఉండాలి, మొక్క కాండానికి తగలకుండా కాస్త ఎడం వదలాలి. ముందు మడిని బాగా తడిపి ఆ తర్వాతే కప్పాలి. పొడి నేల మీద కప్పితే చిన్న జల్లులు ఆకుల్లోనే ఇంకి మట్టిదాకా దిగవు. ఆ పనికి తమ మడి, పరాయి మడి అన్న తేడా లేకుండా అందరూ వంగారు. రాలేకపోయిన వృద్ధ సభ్యుల మడులనే ముందు కప్పారు. అది చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

సెలవుల్లో ఊరెళ్లేవారి మడుల సంగతి ఏటా తలనొప్పిగానే ఉండేది. ఈసారి జతల పద్ధతి పెట్టాం. పక్కపక్క మడుల వాళ్లు ఒక జత. ఒకరు లేనప్పుడు రెండోవారు నీరు పెడతారు. వెళ్లేవారు మడి మొదట్లో ఒక కర్ర పాతి, దానికి చీటీ కడతారు: ఏ మొక్కకు ఎంత నీరు, ఏది ముట్టుకోకూడదు, ఏది కోయాలి. చీటీల్లో కొన్ని చదవడానికే ఎంతో బాగున్నాయి. ‘మూల మీది మిరప మొక్క చూడటానికి వాడిపోయినట్టు ఉంటుంది, సాయంత్రానికి లేస్తుంది, కంగారుపడి నీళ్లు ముంచేయకండి’ అని ఒకరు రాశారు. ఎండ వేళలో ఆకు వాలడం మొక్క తనను తాను కాపాడుకునే తీరు. సాయంత్రానికీ, మర్నాటి ఉదయానికీ కోలుకోకపోతేనే దాహమని అర్థం.

దీంతోపాటే మరో ప్రశ్న వచ్చింది: నీరు పెట్టినవారు కాయలు కోసుకోవచ్చా? కోసుకోవచ్చనే కాదు, కోయాలని తీర్మానించాం. దోస, బెండ, చిక్కుడు కాయలు ముదిరి విత్తనం కట్టాయంటే మొక్క తన పని అయిపోయిందనుకొని కొత్త పూత తగ్గించేస్తుంది. లేత కాయ ఎప్పటికప్పుడు కోస్తేనే కాపు సాగుతుంది. కాబట్టి కోయడం మడి యజమానికి చేసే సాయమే. ఈ మాట తేటతెల్లంగా రాసుకున్నాక మొహమాటాలు, మనస్పర్థలు రెండూ పోయాయి. తిరిగి వచ్చిన సభ్యులు పచ్చగా ఉన్న మడి ముందు నిలబడి పక్కవారి చేతులు పట్టుకొని కృతజ్ఞతలు చెప్పడం నేను కళ్లారా చూశాను.

పురుగుల విషయంలో కార్యవర్గం ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. ఘాటైన పురుగుమందులు తోటలో ఎవరూ, ఎక్కడా చల్లకూడదు. నా మడి నా ఇష్టం అన్న వాదన విన్నాం, గౌరవించాం, కానీ ఒప్పుకోలేదు. ఒక మడిలో చల్లిన మందుకు చచ్చేది పక్క మడి పూలను ఫలింపజేసే తేనెటీగే. పేనుబంక కనబడితే ముందు నీటిధారతో కడిగి, వారం ఆగి చూడమన్నాం. చాలా మడుల్లో ఆ లోపే అక్షింతల పురుగులు వచ్చాయి. వాటి పిల్లలు పెద్దవాటిలా ఎర్రగా గుండ్రంగా ఉండవు. నల్లగా, పొడుగ్గా, నారింజ రంగు మచ్చలతో ఉంటాయి, చూస్తే చెడ్డ పురుగనిపిస్తుంది. అందుకే వాటి బొమ్మను పెద్దగా గీయించి పనిముట్ల గది తలుపు మీద అంటించాం. పేనుబంకను రోజుకు పదుల కొద్దీ తినే ప్రాణిని మన చేతులతోనే నలిపేయడం ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. ఆకుల రసం పీల్చే అతి చిన్న ప్రాణి ఎర్రనల్లి మాత్రం పొడి వేడిలో విజృంభించి వంగ మొక్కలను కొంత దెబ్బతీసింది. ఆకుల అడుగు భాగాన్ని తరచూ తడపడం, బాగా పాడైన ఆకులను తుంచి దూరంగా పారేయడం తప్ప వేరే ఉపాయం చేయలేదు. చివరికి చాలా మొక్కలు నిలిచాయి.

సాయంత్రపు సమావేశాల్లో ఎక్కువ మంది వచ్చింది టమాటా గురించి మాట్లాడుకున్న రోజునే. పూత రాలిపోతోందని అందరిదీ ఒకటే గోడు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పూత నిలవదు, ఎరువు పోసినా ప్రయోజనం ఉండదు. మధ్యాహ్నం నీడ వల కట్టి, చల్లబడేదాకా ఓపిక పట్టాలి. కాయ అడుగున నల్లగా కుళ్లుతోందన్నది రెండో గోడు. అది అంటు తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వచ్చే లోపం. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒక రోజు ముంచెత్తి నాలుగు రోజులు ఎండబెడితే అది నీటితో పాటు కాయదాకా చేరదు. నీరు నిలకడగా అందించిన మడుల్లో తర్వాత వచ్చిన కాయలు శుభ్రంగా ఉన్నాయి.

గుమ్మడి పిందెలు పసుపుబారి రాలిపోతుంటే ఒక సభ్యురాలు తెల్లవారుజామున అందరినీ పిలిచి చేతితో పరాగ సంపర్కం చేసి చూపించారు. ఆడ పువ్వును గుర్తించడం తేలిక, రేకుల కింద గోలీ అంత పిందె ఉంటుంది. మగ పువ్వుకు సన్నని కాడ మాత్రమే. ఆవిడ మగ పువ్వు రేకులు ఒలిచి, మధ్యలోని పసుప్పచ్చని పొడి అంటిన కాడను ఆడ పువ్వు మధ్య మెల్లగా నాలుగువైపులా రాశారు. పొద్దెక్కితే ఆ పువ్వు ముడుచుకుపోతుంది, మళ్లీ విచ్చుకోదు. అందుకే అంత పెందరాళే రమ్మన్నారు. అలా ముట్టించిన పిందెల్లో చాలా నిలిచాయి. అయితే ఆ గుమ్మడి గింజలను విత్తనానికి దాచుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. నాలుగు మడుల అవతల ఉన్న వేరే రకం గుమ్మడి పుప్పొడిని కూడా తేనెటీగలు మోసుకొస్తాయి. ఆ గింజ నుంచి వచ్చే కాయ తల్లికాయలా ఉండకపోవచ్చు. రకం నిలవాలంటే ముందు రోజు సాయంత్రమే మొగ్గలను దారంతో కట్టి, ఉదయం విప్పి ముట్టించి, మళ్లీ కట్టేయాలి. టమాటా, చిక్కుడు చాలావరకు తమలో తామే ఫలిస్తాయి కాబట్టి విత్తనాల మార్పిడి రోజున వాటికే ఎక్కువ గిరాకీ ఉండింది.

కంపోస్టు కుప్ప బాధ్యత ఈ ఏడు యువ సభ్యులది. ఎండుది రెండు మూడు పాళ్లు, పచ్చిది ఒక పాలు చొప్పున పొరలుగా వేశారు. కుప్ప అన్ని వైపులా కనీసం ఒక మీటరు ఉండేలా పేర్చారు, లేకపోతే లోపల వేడి నిలవదు. పొడవాటి ఉష్ణమాపకం గుచ్చి చూస్తే 55 నుంచి 65 డిగ్రీల మధ్య చూపించింది. ఆ వేడి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, తెగుళ్ల బీజాలు చాలావరకు చస్తాయి. వేడి తగ్గగానే తిరగేశారు. వేసవిలో కుప్ప తొందరగా ఆరిపోతుంది, గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి.

పిల్లల మడి గురించి మాట్లాడేటప్పుడు ఒక చరిత్ర గుర్తుచేసుకోవాలి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1864లో పిల్లల ఆటస్థలం కోసం ఒక సంఘం ఏర్పడింది. ష్రెబర్ అనే వైద్యుడి పేరు దానికి పెట్టారు. తర్వాత ఆటస్థలం అంచున పిల్లలకోసం చిన్న మడులు వేశారు. పిల్లలకు ఆసక్తి తగ్గడంతో పెద్దలు వాటిని చేతిలోకి తీసుకున్నారు, అవే కుటుంబ తోటలయ్యాయి. అక్కడ తోట ముక్కలను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మన పిల్లల మడి పెద్దల చేతికి రాకూడదని నా కోరిక. అందుకే అక్కడ ఏం వేయాలో వాళ్లే నిర్ణయించారు, వరుసలు వంకరగా వచ్చినా మనం సర్దలేదు. త్వరగా మొలిచేవి, కోసి చేతిలో పట్టుకోగలిగేవి ఎంచుకున్నారు. సెలవులు ముగిసేదాకా వాళ్ల మడి ఒక్క పూట కూడా ఎండలేదు.

పందిరి కింద బల్లలు వేశాక సాయంత్రాలు తోటకు వచ్చేవారు పెరిగారు. మడి లేని ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చుంటున్నారు, రావాలి కూడా. వంగలేనివారి కోసం సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో కట్టిన మడులు బాగా ఉపయోగపడ్డాయి, మరికొన్ని కట్టాలి. మధ్యాహ్నం ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదన్న నియమం కొనసాగుతుంది. ఎండలో పడివున్న గొట్టంలోని మొదటి నీరు కాగిపోయి ఉంటుంది, దాన్ని బకెట్‌లోకి వదిలాకే మొక్కలకు పెట్టండి. ఆ నీరు తాగవద్దు.

మడి కోసం ఎదురుచూస్తున్నవారి జాబితా పొడుగ్గానే ఉంది. ఖాళీ అయిన పెద్ద మడులను రెండుగా చేసి కొత్తవారికి ఇచ్చాం. మొదటి ఏడాదికి సగం మడి చాలునని మా అభిప్రాయం. వేసవి కలుపుకు బెదిరి మానేసేవారిలో ఎక్కువమంది మోయలేనంత నేల తీసుకున్నవారే. పనిముట్లు సరిచూశాం, పిడి విరిగినవి బాగుచేయించాం. జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నవి మూడు. జతల పద్ధతిని నియమావళిలో చేర్చడం మొదటిది. రెండో పైకప్పుకు కూడా వాననీటి గొట్టం అమర్చడం రెండోది. తోట సరిహద్దు వెంట ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా పూల మొక్కలు నాటడం మూడోది, పూత లేని రోజుల్లోనూ తేనెటీగలు మన దగ్గరే ఉండాలంటే ఇది తప్పదు. వచ్చే వేసవికి జతల జాబితా పనిముట్ల గది తలుపు మీద ఉంది. ఇప్పటికీ జత లేని సభ్యులు సమావేశానికి ముందే పేరు రాయండి.

కార్యదర్శి,
ఉమ్మడి తోట సంఘం