ఒడిశా గోపాల్‌పూర్‌లో ఆ రాత్రి మా బాబు కోసం వెతుకుతూ నడిచిన అందరికీ

ముందుగా ఒక్క మాట. మా బాబు దొరికాడు. క్షేమంగా ఉన్నాడు. ఇప్పుడు పర్లాకిమిడిలో మా ఇంట్లోనే, హాల్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇంకా కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో "తప్పిపోయాడు" అన్న పోస్టు తిరుగుతూనే ఉంది. నిన్న కూడా ఛత్రపూర్ నుంచి ఒకరు, విజయనగరం నుంచి ఒకరు ఫోన్ చేసి "దొరికాడా అమ్మా?" అని అడిగారు. అడిగిన ప్రతి ఒక్కరికీ దండం. దయచేసి ఇక ఆ పోస్టు, వాడి ఫోటో, మా నంబర్లు తీసేయండి. తన ఫోటో తీసెయ్యమని వాడు నోరు తెరిచి అడగలేడు కాబట్టి వాడి తరఫున నేను అడుగుతున్నాను. ఇక్కడ ఫోటో పెట్టనిది కూడా అందుకే.

ఇంటికొచ్చి ఐదు రోజులైంది. రోజూ రాద్దామని కూర్చోవడం, రెండు ముక్కలు రాసేసరికి కళ్ళు నిండిపోవడం, లేచిపోవడం. ఈ రోజు ఎలాగైనా పూర్తి చెయ్యాలని కూర్చున్నాను.

మా వాడికి పదహారేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు ఓ పది పన్నెండు వచ్చు, అవీ ఇంట్లో వాళ్ళ దగ్గరే. ఎత్తు మాత్రం వాళ్ళ నాన్నను దాటేశాడు. ఐదేళ్ళ పిల్లాడు ఒంటరిగా కనిపిస్తే ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపుతారు. నూనూగు మీసాల కుర్రాడు ప్యాంటూ చొక్కా వేసుకుని సముద్రం ఒడ్డున నడుచుకుంటూ పోతుంటే ఎవరు ఆపుతారు? ఆపి పేరడిగినా వాడు చెప్పడు. గట్టిగా అడిగితే పరిగెడతాడు. పట్టుకోబోతే కొడతాడు కూడా. అది కోపం కాదు, భయం.

డిసెంబరు చివర్లో అత్తగారితో, మా మరిది వాళ్ళతో కలిసి తొమ్మిది మందిమి బయల్దేరాం. బరంపురంలో చుట్టాలింట్లో దిగి, మర్నాడు సాయంత్రం గోపాల్‌పూర్ వెళ్ళాం. పదహారు కిలోమీటర్లే కదా, చీకటి పడే లోపు తిరిగి వచ్చేద్దాం అనుకున్నాం. పిక్నిక్‌ల సీజను, ఒడ్డంతా జనం. కాసేపు బాగానే ఉన్నాడు. లైట్‌హౌస్ వైపు చూస్తూ నవ్వుకున్నాడు కూడా. ఇంతలో మా పక్కనే బస్సులో వచ్చిన వాళ్ళు పెద్ద పెద్ద సౌండు బాక్సులు దింపి పాటలు మొదలుపెట్టారు. వాడు రెండు చెవులూ మూసుకోవడం నేను చూశాను. "ఒక్క నిమిషం నాన్నా, వెళ్ళిపోదాం" అని కూడా అన్నాను. అత్తగారి చెప్పు ఇసకలో ఇరుక్కుని తెగింది. వంగి దాన్ని తీసి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, తిరిగి చూసేసరికి వాడు లేడు.

ఐదు కావస్తోంది. డిసెంబరులో అక్కడ ఐదున్నర కాకుండానే సూర్యుడు దిగిపోతాడు.

మొదటి గంట మేము చేసింది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. మేమందరం తలో వైపు పరిగెత్తుతూ వాడి పేరు పెట్టి అరిచాం. పక్కవాళ్ళు కూడా పాపం సాయంగా అరిచారు. శబ్దానికి భయపడి పారిపోయిన పిల్లాడి కోసం ఇంకా పెద్ద శబ్దం చేశాం. తల్లిని, వాడి సంగతి అందరికంటే నాకే తెలియాలి. ఆ టెన్షన్‌లో నాకే తట్టలేదు.

అసలు భయం నీళ్ళు. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా ఇలా చెప్పకుండా వెళ్ళిపోతారని 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం గురించి మా థెరపిస్టు ఎప్పుడో చెప్పింది. వెళ్ళిన వాళ్ళకి మొదటి ముప్పు నీళ్ళ దగ్గరే, ముందు అక్కడే వెతకాలి అని కూడా చెప్పింది. మా వాడికి ఈత రాదు. ఒడ్డున స్నానాలకి వచ్చేవాళ్ళను కనిపెట్టుకుని ఉండే జాలర్లు ముగ్గురు, నేను ఏడుస్తూ చెప్పేది సగం కూడా వినకుండానే నీళ్ళలోకి దిగారు. చీకటి పడేదాకా చూసి, వణుకుతూ బయటికి వచ్చి, "నీళ్ళలోకి రానేదమ్మా, మా కళ్ళు దాటి రానేడు, ధైర్యంగుండు" అన్నారు. తమ్ముళ్ళూ, ఆ మాటే పట్టుకుని రాత్రంతా నిలబడ్డాను.

పోలీసుల దగ్గరికి వెళ్తే, మేము ముందు వెళ్ళిన చోట "పెద్దవాడే కదా, ఎటో తిరిగి వస్తాడు, పొద్దున్న రండి" అన్నారు. దాని గురించి ఇంతకంటే రాయను. కానీ పిల్లలున్న వాళ్ళందరికీ ఒక సంగతి చెప్పాలి. బరంపురంలో మా వారికి తెలిసిన లాయరుగారు ఫోన్లోనే చెప్పారు: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు కనబడకపోతే వెంటనే కేసు రాయాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలు ఎక్కడా లేదు. ఆ మాట పట్టుకుని ఇంకో చోటికి వెళ్ళాం. అక్కడున్న లేడీ ఎస్సైగారు బాబు యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, చేతిలోకి తీసుకుని చూసి, నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, రాసుకుంటూనే రెండో చేత్తో ఫోన్ చేశారు. వాడికి రైళ్ళంటే ఇష్టం అని చెప్పగానే బరంపురం స్టేషన్‌లో ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళకి చెప్పారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఆవిడే చేశారు. మేడమ్, మీరు ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదని నాకు తర్వాత తెలిసింది. మీ ఇంట్లో చిన్న పాప ఉందని కూడా తెలిసింది. ఈ ఋణం నేను తీర్చుకోలేను.

బరంపురం రోడ్డు మీద తిరిగే ఆటో అన్నదమ్ములు ఫోటో చేత్తో పట్టుకుని ప్రతి బస్సూ ఆపి చూశారు. అక్కడ ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉన్న ఒరియా అబ్బాయి మా అమ్మాయి తెలుగులో చెప్పింది విని ఒరియాలో మెసేజ్ రాసి పంపాడు. "దొరికితే పట్టుకోవద్దు, అరవొద్దు, దూరంగా కూర్చుని ఫోన్ చెయ్యండి" అన్న ముక్క ఎందుకో మొదట వదిలేశాడు. మా అమ్మాయి గట్టిగా పట్టుబట్టి అది కూడా పెట్టించింది. దానికి పంతొమ్మిదేళ్ళే. తమ్ముడు కనబడకుండా పోయిన రాత్రి మా అందరిలో తల పనిచేసింది దానిదొక్కదానిదే.

ఇక జాలరి పేట వాళ్ళ గురించి. ఎలా రాయాలో తెలియడం లేదు, అయినా రాస్తాను.

గోపాల్‌పూర్ ఉన్న గంజాం జిల్లా తీరమంతా తెలుగు మాట్లాడే గంగపుత్రులే ఎక్కువ. ఒరియా వాళ్ళు వాళ్ళని నోళియాలు అంటారు. రాత్రి ఎనిమిదిన్నరకి పేటలో ఒక పెద్దాయన మమ్మల్ని తన గుమ్మం ముందు కూర్చోబెట్టాడు. అప్పటిదాకా అందరూ నన్ను అడిగింది ఏ రంగు చొక్కా, ఎంత ఎత్తు, ఎన్ని గంటలకి అని. ఈయన అడిగింది వేరు. "ఏటమ్మా, గుంటడికి ఏటిష్టం? ఏటంటే బయం?" అన్నాడు. నేను చెప్పాను. గట్టి చప్పుళ్ళంటే భయం. కుక్కలంటే భయం. తిరిగేవంటే ఇష్టం, ఫ్యాను కింద గంటలు గంటలు పడుకుని చూస్తాడు. వరసగా ఉండేవంటే ఇష్టం, పూసలు, గింజలు, ఏవైనా.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లైట్‌హౌస్ వైపు చెయ్యి చూపించాడు. "తిరిగే దీపం అదే కదా. అది కనపడే చోటే ఉంటాడు. పాటలు ఇనపడని చోటుంటాడు. ఊర్లోకి ఎల్లడు, కుక్కలున్నాయి" అన్నాడు. అంతే. అప్పటిదాకా మాకు సముద్రమంతా, బరంపురమంతా, లోకమంతా వెతకాలి అనిపించింది. ఆ ఒక్క మాటతో అది సరుగుడు తోటలకీ నీళ్ళకీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల ఇసక అయింది.

పేటలో యాభై మందికి పైనే బయల్దేరారు. ఆయన వాళ్ళని ఐదుగురేసి చొప్పున విడదీసి, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చూడాలో ఇసకలో పుల్లతో గీసి చెప్పాడు. "ఫైలిన్‌కి నేర్చుకున్నాం తల్లీ" అన్నాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా ఎవరెక్కడున్నారో లెక్క చూసుకుని పేట మొత్తం కదిలిన రోజు అది. ఆ అలవాటు మా బాబుకి అక్కరకొచ్చింది.

అందరికీ ఒకటే చెప్పాడు: "కేకలెయ్యకండి. లైట్లు నేల మీదకే కొట్టండి."

యాభై మంది మనుషులు ఒక్క మాట లేకుండా ఇసకలో నడవడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. టార్చి లైట్లు కాళ్ళ దగ్గరే గుండ్రంగా పడుతున్నాయి. అలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మొగలి పొదల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ముళ్ళని కూడా చూడకుండా చేతులు పెట్టి తీసి చూశారు. పొద్దున్న వాళ్ళ ముంజేతుల మీద గీరలు చూసి నాకు దుఃఖం ఆగలేదు.

మూడున్నరకి ఫోన్ వచ్చింది. చేసింది ఒక మామ్మ, డెబ్బై దాటి ఉంటాయి. చేపలు వేలం వేసే వేళకి ముందే లేచి ఒడ్డుకి వస్తుందట. ఆ రాత్రి మెసేజ్ గానీ ఫోటో గానీ ఆవిడ చూడలేదు, మనవరాలు చదివి వినిపించిందట. మామ్మ గుసగుసగా మాట్లాడింది. "ఓలమ్మా, గుంటడు మా వలల కాడున్నాడు. బాగున్నాడు. నాను కూకున్నాను. మెల్లగా రండి."

మెల్లగా రమ్మంది కాబట్టి మెల్లగానే వెళ్ళాం. నా జీవితంలో అంత కష్టమైన నడక లేదు.

ఒడ్డుకి లాగిన ఫైబర్ బోటు నీడలో, వలల గుట్టకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక కాలికే చెప్పుంది. కనురెప్పల మీద ఇసక. వల అంచుకి వరసగా గుచ్చిన బెండ్లు ఉంటాయి కదా, వాటిని ఒక్కొక్కటే వేలితో పక్కకి జరుపుతున్నాడు, చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తున్నాడు. వాడికి నాలుగు బారల దూరంలో మామ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వాడి వైపు చూడటం కూడా లేదు, సముద్రం వైపు చూస్తోంది. తన పాత దుప్పటి విప్పి మధ్యలో ఇసక మీద పెట్టిందట. కాసేపటికి వాడే వచ్చి తీసుకుని కప్పుకున్నాడట. నన్ను చూసి వాడు "అమ్మ, ఇల్లు" అన్నాడు. రెండు మాటలు ఒకేసారి వాడి నోట రావడం చాలా అరుదు.

నాకు అరవాలనిపించింది. మామ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని చూపించింది. ఆగాను. మా వెనక దూరంగా ఎవరో ఫోన్లో అణిచిన గొంతుతో "పుఅ మిళిగలా, పుఅ మిళిగలా" (పిల్లాడు దొరికాడు) అని ఒరియాలో అంటున్నారు. ఆ తర్వాత ఒడ్డు పొడవునా టార్చి లైట్లు ఒక్కొక్కటే ఆగిపోవడం కనిపించింది.

బరంపురం పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరుగారు వాడి ముఖం మీద పడుతున్న లైటు ఆపించి, నా పక్కన కూర్చోబెట్టుకునే పరీక్ష చేశారు. చలికి ఒళ్ళు చల్లబడింది, కాలికి చిన్న గాయం, అంతే. డాక్టరుగారూ, ఆ లైటు ఆపినందుకు ప్రత్యేకంగా థాంక్స్. ఎంతమందికి తడుతుంది ఆ సంగతి!

ఇంటికి వచ్చాక వాడి గురించి ఒక కాగితం రాసి పెట్టుకున్నాం. ఏమిష్టం, ఏమంటే భయం, కనిపిస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఇటీవలి ఫోటో, నంబర్లు. తెలుగులో, ఒరియాలో, ఇంగ్లీషులో. పేట పెద్దాయన అడిగిన రెండు ప్రశ్నలే అందులో ముందు రాశాం. ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలకి చేతులు జోడించి చెబుతున్నాను, ఈ రాత్రే కూర్చుని రాసి అందరి ఫోన్లలో ఉంచుకోండి. ఆ సమయానికి మనకి నోట మాట రాదు. వాడి చొక్కా కాలరు లోపల కూడా నంబరు కుట్టిస్తున్నాను.

పేట వాళ్ళకి మా వారు డబ్బు ఇవ్వబోతే పెద్దాయనకి కోపం వచ్చింది. మామ్మ మాత్రం పాత వల నుంచి ఓ మూరెడు తాడు, దానికున్న బెండ్లతో సహా కోసి బాబు చేతికిచ్చింది. ఇప్పుడు హాల్లో వాడు చేస్తున్న పని అదే, జరుపుతున్నాడు, లెక్కపెట్టుకుంటున్నాడు. నిన్న రాత్రి మామ్మ ఫోన్ చేసి "గుంటడు తిన్నాడా?" అని అడిగింది. సంక్రాంతి వెళ్ళాక, జనం లేని రోజు చూసుకుని వెళ్తాం. అరిసెలు తీసుకెళ్తాం. దుప్పటి ఉతికి మడతపెట్టి ఉంచాను.

ఇంకొకటి. తెల్లవారుజామున ఒడ్డు మీద ఎవరో మా అత్తగారి చేతిలో టీ ఫ్లాస్కు పెట్టి వెళ్ళిపోయారు. స్టీలుది, ఎర్ర మూత, అడుగున చిన్న సొట్ట ఉంది. హడావిడిలో అది మాతోనే వచ్చేసింది. ఎవరిదో వాళ్ళు దయచేసి ఇక్కడ ఒక్క మాట చెప్పండి, వచ్చేటప్పుడు తెచ్చి ఇస్తాం.