‘డైడో అండ్ ఈనియస్’ ప్రదర్శనకు తోడ్పడిన అందరికీ కృతజ్ఞతలు

గత శనివారం సాయంత్రం ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలో, ఒక పాత చర్చిలో, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల స్వరకర్త హెన్రీ పర్సెల్ స్వరపరచిన ‘డైడో అండ్ ఈనియస్’ ఒపేరాను, అంటే కథంతా పాటగా సాగే సంగీత నాటకాన్ని, మా చిన్న బృందం ప్రదర్శించింది. నిర్వహణ బాధ్యత నాది కాబట్టి, దాన్ని సాధ్యం చేసిన గాయనీగాయకులకు, వాద్యకారులకు, నృత్యం కూర్చినవారికి, తెర వెనుక శ్రమించినవారికి, అడగకుండానే ముందుకు వచ్చిన ఇక్కడి తెలుగు కుటుంబాలకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవలసి ఉంది. పేర్లన్నీ ఆ రోజు పంచిన కార్యక్రమ పత్రంలో ఉన్నాయి. అయితే అక్కడ ఒక్కో పేరు పక్కన ఒక పాత్రో, ఒక వాద్యమో మాత్రమే అచ్చవుతుంది. ఇంత చిన్న బృందంలో ఒక్కొక్కరు మోసిన బరువు ఆ ఒక్క మాటలో తెలియదు. అందుకే ఇక్కడ పేర్లు వదిలి, వారు చేసిన పనులు రాస్తున్నాను.

ఈ ఒపేరాతో పరిచయం లేనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. నిడివి దాదాపు గంట. రోమన్ మహాకవి వర్జిల్ రాసిన ‘ఈనిడ్’ కావ్యం నాలుగో భాగంలోని కథను నేహమ్ టేట్ అనే ఆంగ్ల కవి రంగస్థలానికి తగినట్టు మలిచాడు. ట్రాయ్ నగరం కూలిపోయాక సముద్రం మీద తిరుగుతూ ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం చేరిన వీరుడు ఈనియస్‌ను ఆ నగరపు రాణి డైడో ప్రేమిస్తుంది. మంత్రగత్తెలు పంపిన మాయదూత మాటను దైవాజ్ఞ అనుకుని అతను ప్రయాణమవుతాడు. చివర మనసు మార్చుకుని ఉండిపోతానన్నా, ఒక్కసారి విడిచిపోవాలని తలచినవాడు తనకు అక్కరలేదని ఆమె అతన్ని పంపించి, ప్రాణం విడుస్తుంది. 1689 నాటికి ఈ రచనను లండన్ చేరువలోని చెల్సీలో, జోసియాస్ ప్రీస్ట్ అనే నృత్యాచార్యుడు నడిపిన బాలికల పాఠశాలలో ప్రదర్శించారు. ఆనాటి అచ్చు పాఠం, అంటే పాడే మాటల పుస్తకం, ఒకే ఒక్క ప్రతి మిగిలింది. అది లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో ఉంది. పర్సెల్ తన చేతితో రాసిన స్వరప్రతి మాత్రం దొరకలేదు. మనకు మిగిలిన పూర్తి స్వరప్రతుల్లో అన్నిటికన్నా పాతది కూడా, 1695లో ఆయన చనిపోయాక ఎన్నో దశాబ్దాలకు రాసిన నకలే. ఏ వాద్యాలు వాడాలి, ఎక్కడ నృత్యం రావాలి, లేని సంగీతాన్ని ఎలా పూరించాలి అన్నవి ప్రతి బృందమూ తనకు తాను తేల్చుకోవలసిందే. కనుక ఈ ఒపేరాలో పాల్గొనేవారు ప్రదర్శకులే కాదు, కొంతవరకు సృష్టికర్తలు కూడా.

మొదటి కృతజ్ఞత చర్చి నిర్వాహకులకు. ప్రదర్శనకు కొద్ది వారాల ముందు, మేము ఖాయం చేసుకున్న హాలు పైకప్పు మరమ్మతుల వల్ల దొరకదని తెలిసినప్పుడు, తమ ఆదివారం ప్రార్థనల ఏర్పాట్లు మార్చుకుని మరీ వారు మాకు తలుపులు తెరిచారు. తాళంచెవి మా చేతికిచ్చి, రిహార్సల్ ఎంత రాత్రయినా ఒక పెద్దాయన వెనుక బెంచీలో ఓపికగా కూర్చునేవారు. ఆయనకు ప్రత్యేకంగా నమస్కారాలు.

హార్ప్‌సికార్డ్ ఇచ్చినవారి గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఆ పని సభికుల కంట పడదు. పియానోలా మెట్లున్న ఆ వాద్యంలో ఒక మెట్టు నొక్కితే లోపలి చిన్న ముక్క తీగను మీటుతుంది. నూటికి పైగా తీగలు, చెక్క చట్రం, గదిలో వేడి మారినా తేమ మారినా కదిలిపోయే శ్రుతి. తన సొంత వాద్యాన్ని కాళ్లు విప్పి, కంబళ్లు చుట్టి వ్యానులో తెచ్చిన ఆయన, మధ్యాహ్నమే చర్చిలో హీటర్లు వేయించి, ఆ గాలికి చెక్క అలవాటు పడేదాకా ఒక్క తీగనూ ముట్టుకోలేదు. తరువాత మధ్య స్థాయి ‘ఎ’ స్వరానికి నేటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కు బదులు, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల బరోక్ సంగీతం వాయించే బృందాలు సాధారణంగా వాడే 415కు, అంటే దాదాపు అర స్వరం కిందికి, ఒక్కో తీగనూ చెవితో సరిచేశారు. జనం లోపలికి వస్తూ తలుపులు తెరిచేసరికి వాన గాలి కొట్టి పై స్థాయి తీగలు కదిలిపోయాయి. విరామంలో అందరూ టీ తాగుతుంటే ఆయన మాత్రం శ్రుతి తాళంచెవి పట్టుకుని, చుట్టూ మాటలు వినిపిస్తున్నా తల వాద్యం మీదికి వంచి, మళ్లీ మొదటి తీగ నుంచి మొదలుపెట్టారు. రెండో భాగంలో పాడినవారందరూ ఆ పావుగంట పనికి రుణపడి ఉన్నారు.

ఇక మంద్రభాగాన్ని మోసిన ముగ్గురు: చెల్లో (విల్లుతో వాయించే పెద్ద తీగవాద్యం), థియోర్బో (పొడవైన మెడ గల, మీటి వాయించే తీగవాద్యం), హార్ప్‌సికార్డ్ వాయించినవారు. వారి ముందున్న కాగితం మీద మంద్రస్వరాల వరుస ఒక్కటే ఉంటుంది, అక్కడక్కడ దానితో పాటు కొన్ని అంకెలు కనిపిస్తాయి. మిగతా స్వరాలను అప్పటికప్పుడు కూర్చుకోవాలి. డైడో చివరి విలాపంలో ఆ మంద్రవరుస షడ్జమం నుంచి కింది పంచమం దాకా అర స్వరం అర స్వరంగా దిగి, ఆగి, మళ్లీ పైనుంచి దిగుతుంది. అయిదు గణాల (తాళపు కొలతల) ఆ వరుస మన తాళావర్తనంలా పదకొండు సార్లు తిరుగుతుంది. పైన గొంతు మాత్రం ఆ ఆవర్తనానికి కట్టుబడదు. వరుస ముగిసిన చోట పాట ముగియదు, పాట ఊపిరి తీసుకున్న చోట వరుస ఆగదు. చెల్లో వాయించిన ఆమె ప్రతి తిరుగుడులోనూ విల్లు బరువు కొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. థియోర్బో కళాకారుడు మొదటి రెండు తిరుగుళ్లలో ఒక్కో స్వరాన్నే మీటి, డైడో తనను గుర్తుంచుకొమ్మని వేడుకునే చోట మాత్రం నిండుగా మీటారు. ఈ రచనలో గొప్పదనమంతా గాయనిదే అనుకునేవారు ఉన్నారు. దగ్గరగా విన్నాక నాకు తోచింది వేరు: ఆ ముగ్గురు ఒక్క క్షణం తడబడినా ఆ దుఃఖం నిలవదు.

డైడో పాత్ర ధరించిన గాయనికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. చివరి రిహార్సల్ నాటికి ఆమెకు గొంతు పట్టేసింది. వైద్యుడు ఆ రోజు పాడవద్దన్నారు. ఆమె ఇంటికి వెళ్లకుండా వేదిక మీద ప్రతి అడుగూ వేసి, పెదవులు మాత్రం కదిపారు. పక్కన నిలబడి, స్వరప్రతి చేతిలో పట్టుకుని డైడో భాగమంతా పాడినది రెండో చెలికత్తె పాత్రధారిణి. మధ్యలో తన వంతు వచ్చినప్పుడు వేదిక ఎక్కి అదీ పాడి, మళ్లీ కిందికి దిగి రాణి గొంతు అందుకున్నారు. మరునాడు సభలో ఆమెది చిన్న పాత్ర, విడిగా పాడేది ఒకే ఒక పాట. ముందు రోజు ఆమె లేకపోతే వాద్యబృందానికి విలాపంతో కలిసి సాధన చేసే అవకాశమే ఉండేది కాదని సభలో ఎవరికీ తెలియదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఈనియస్ పాత్రకు ఈ ఒపేరాలో విడిగా ఒక్క పాట కూడా లేదు, అంతా సంభాషణ ధోరణిలో సాగే గానమే. శిక్షణ పొందిన బారిటోన్ (మధ్యస్థాయి పురుష గాత్రం) గాయకుడు అలాంటి పాత్రకు ఒప్పుకోవడమే పెద్ద మాట. ఆయన దానికి తోడు కోరస్‌లో, అంటే బృందగానంలో, మంద్రగాత్రం పాడి, ప్రదర్శన అయ్యాక కుర్చీలు కూడా పేర్చారు. మంత్రగత్తెల గుహలో కోరస్‌కు ప్రతిధ్వని రావాలి. అందుకోసం నలుగురు పక్క గదిలో తలుపు జానెడు తెరిచి ఉంచి, సంగీత దర్శకుడి చేయి కనబడక, తలుపు దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి తల ఊపును బట్టి పాడారు. సభ ముగిశాక కోరస్‌తో పాటు చప్పట్లు అందుకోవడానికి కూడా వారు సమయానికి ముందుకు రాలేకపోయారు. ఆ నలుగురికీ, ఆ అమ్మాయికీ ఆ చప్పట్లు ఇక్కడి నుంచి అందజేస్తున్నాను.

రెండో అంకం చివర ఒక లోటు ఉంది. అచ్చు పాఠంలో మంత్రగత్తెల కోరస్‌కు ఆరు పంక్తులు, ఆ తరువాత నృత్యం ఉన్నాయి. స్వరప్రతిలో వాటికి సంగీతం లేదు. ఈనియస్ ఒంటరి గానంతోనే అంకం అర్ధాంతరంగా ఆగిపోతుంది. కొన్ని బృందాలు దాన్ని అలాగే వదిలేస్తాయి; ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1951లో తన కూర్పు కోసం పర్సెల్ ఇతర రచనల నుంచి సంగీతం తెచ్చి పూరించాడు. మా కోసం ఒక యువ స్వరకర్త ఆ ఆరు పంక్తులకు కొత్తగా సంగీతం రాసి, రంగం మొదలైన శ్రుతికి దాన్ని తిరిగి చేర్చారు. తన పేరు కార్యక్రమ పత్రంలో చిన్న అక్షరాల్లోనే వేయమని ఆమె పట్టుబట్టారు. పర్సెల్ పక్కన నిలబడి, ఆయనను అనుకరించినట్టు కాక ఆయన మాట పూర్తి చేసినట్టు రాయడం సామాన్యమైన పని కాదని నా నమ్మకం.

నృత్యం కూర్చిన ఆమె, పీఠానికీ మొదటి బెంచీకీ మధ్య ఉన్న ఇరుకు చోటులో నావికుల నృత్యాన్ని ఎవరి మోచేయీ ఎవరికీ తగలకుండా నడిపించారు. పాత దుకాణాల్లో దొరికిన కర్టెన్లతో మంత్రగత్తెల దుస్తులు కుట్టినవారికి, దీపాలు చూసినవారికి, స్వరప్రతుల పేజీలు తిప్పినవారికి ధన్యవాదాలు.

తెలుగు మిత్రుల గురించి. రిహార్సల్ రోజుల్లో భోజనం పంపిన కుటుంబాలు, పాడేముందు గాయకులు ఏమి తినరో ముందే అడిగి తెలుసుకుని, పచ్చిమిరప తగ్గించి, పెరుగు పక్కన పెట్టి పులిహోర, కూరలు చేశారు. విశ్రాంత అధ్యాపకులు ఒకరు కథాసారాన్ని రెండు పుటల తెలుగులో రాసి ఇవ్వడం వల్ల ఇక్కడికి పిల్లల దగ్గరకు వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కథతో పాటు నడిచారు. ఆ పత్రం చివర ఆయన చేర్చిన ఒక సంగతి నాకు చాలా నచ్చింది: చెల్సీలో ఈ ఒపేరా ఆడిన రోజుల్లోనే తంజావూరులో 1684 నుంచి 1712 వరకు పాలించిన షాహజీ మహారాజు తెలుగులో యక్షగానాలు రాశాడు, ‘పల్లకి సేవా ప్రబంధం’ ఆయనదే. ఒకరి ఊసు ఒకరికి తెలియకపోయినా, రెండు చోట్లా ఒకే కాలంలో కథను పాటగా, ఆటగా నడిపించారు. అది చదివాక మన పెద్దలు ఒపేరాను పరాయి వింతగా చూడకుండా, తెలిసిన కళకు దూరపు చుట్టంగా చూశారు. విలాపం అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, “కింద తీగ మీద ఆ అమ్మాయి వాయించింది చూశావా నాన్నా, అసలు ఏడ్చింది అదే” అన్నారు. చెల్లో కళాకారిణికి ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తన స్వరప్రతి అంచున రాసి పెట్టుకున్నారు.

డబ్బు విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. ప్రవేశ రుసుముతో, విరాళాలతో వచ్చిన మొత్తం ప్రయాణ ఖర్చులకు, వ్యాను అద్దెకు, కళాకారుల పారితోషికానికి సరిపోయింది. కొద్దిగా మిగిలినది చర్చి భవన నిధికి ఇచ్చాము. లెక్క అడిగినవారికి చూపిస్తాను. వృత్తి కళాకారులు ఈసారి తమ మామూలు పారితోషికం కన్నా తక్కువ తీసుకున్నారు. అది వారి మంచితనం. దాన్ని మేము హక్కుగా భావించడం లేదు. వచ్చే ప్రదర్శనకు పూర్తి పారితోషికం సమకూరాకే తేదీ ప్రకటించాలని నిర్ణయించుకున్నాము. మంత్రగత్తెల దుస్తులు, తెలుగు కథాసారం ప్రతులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ ఒపేరా వేయదలచిన పాఠశాల గానీ, బృందం గానీ అడిగితే ఉచితంగా ఇస్తాము.