పాకానికి ఏ థర్మామీటరు?

సంపాదకుల వారికి,

పండగ పిండివంటల పేజీల్లో ఈమధ్య ‘పాకం కుదరకపోతే థర్మామీటరు వాడండి’ అని రాస్తున్నారు. ఎలాంటిది కొనాలో మాత్రం చెప్పడం లేదు. వంటింటి థర్మామీటరు అని అమ్మేవన్నీ పాకానికి పనికిరావు.

పంచదార మెత్తటి ఉండ పాకానికి వచ్చేది 112–116 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పళ్లెం మీద కొడితే టంగుమనే ముదురు పాకం 146 దాటాకే. మాంసానికి వాడే డయల్ రకాల్లో చాలావాటి ముల్లు 120తో సరి. కాబట్టి 200 వరకు చూపేదే తీసుకోవాలి.

అసలు తిరకాసు వేడిని పసిగట్టే భాగం ఎక్కడుందన్న దగ్గర వస్తుంది. డయల్ రకంలో అది పుల్ల కొస నుంచి ఐదారు సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. వెడల్పాటి మూకుట్లో అరకిలో పంచదార పాకం రెండు వేళ్ల లోతు కూడా ఉండదు. మునగని భాగం చల్లగా ఉండి ముల్లు తక్కువ చూపిస్తుంది, ఈలోగా పాకం ముదిరిపోతుంది. కొసలోనే సెన్సరున్న డిజిటల్ పుల్లయితే ఈ బాధ తక్కువ. అది కూడా మూకుడు అడుగుకు ఆనకూడదు, ఆనితే ఎక్కువ చూపిస్తుంది. తుపాకీలా గురిపెట్టే రకం పైనున్న నురగ వేడినే చెబుతుంది, ఆవిరి అడ్డొస్తే అదీ తప్పే.

కొన్నాక ముందు మరిగే నీళ్లలో పెట్టి చూడండి. విశాఖలో 100 చూపించాలి. హైదరాబాద్ ఎత్తులో ఉంది కనుక 98 చూపిస్తే పరికరం మంచిదే. ఎక్కడైనా సరే, మీ నీళ్లు మరిగిన అంకెకు 12 నుంచి 16 కలిపితే ఉండ పాకం, 46 కలిపితే ముదురు పాకం మొదలు. ఊరి ఎత్తు, పరికరం తేడా రెండూ ఆ లెక్కలోనే సర్దుకుంటాయి.

నీరు ఇగిరేదాకా అంకె నత్తనడక నడుస్తుంది. ఉండ పాకం దాటాక మాత్రం పరుగే, అప్పుడు మంట తగ్గించాలి. పుల్లకు అంటి గడ్డకట్టిన పంచదారను కడక్కుండా మళ్లీ ముంచితే పాకమంతా పలుకులు కట్టే ప్రమాదముంది. గాజు రకాన్ని వేడి పాకంలోంచి తీసి చన్నీళ్లలో పెడితే పగులుతుంది.

ఈ అంకెలన్నీ పంచదారవి. బెల్లం దిమ్మకో తీరు. అరిసెలకు పాకం లేతైతే నూనెలో విడిపోతాయి, ముదిరితే గట్టిపడతాయి. అక్కడ పళ్లెంలో నీళ్లు పోసి, అందులో పాకం చుక్క వేసి చూసే పాత పద్ధతి మానకూడదు. పంచదార మిఠాయిల కొలతల పక్కనైనా మీ పత్రిక ఉష్ణోగ్రత కూడా అచ్చువేయాలని మనవి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం