టెన్సుల చార్టు కంటే ముందు ఒక చిన్న పేరా చదివించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ హైస్కూల్లో చూసినా ఇంగ్లిష్ టెన్సులంటే పన్నెండు గళ్ల చార్టే. పిల్లలు 'గో, వెంట్, గాన్' అని గడగడా అప్పజెప్తారు. నిన్న సాయంత్రం ఎక్కడికి వెళ్లావని అడిగితే మాత్రం 'ఎస్టర్‌డే ఐయామ్ గో టు షాప్' అంటారు. లెక్కలు, సైన్సు కూడా ఇంగ్లిషులోనే చదువుతున్న పిల్లలకు ఇది ఒక్క ఇంగ్లిష్ పేపరుతో పోయే నష్టం కాదు. 'వాటర్ బాయిల్స్ ఎట్ 100 డిగ్రీస్' అని సైన్సు పుస్తకం ఎప్పుడూ జరిగేదాన్ని చెబుతుంది. చరిత్ర పాఠం జరిగిపోయినదాన్ని చెబుతుంది. క్రియను చూసి కాలం పోల్చుకోలేని పిల్లవాడికి ఆ తేడా అందదు.

తప్పు ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి. 'రోజూ బడికి వెళ్తాను', 'రేపు ఒంగోలు వెళ్తాను' అన్నప్పుడు మనకు క్రియ ఒకటే. ఇంగ్లిషులో మొదటిదానికి 'గో', రెండోదానికి 'విల్ గో' కావాలి. అలాగే 'మా నాన్న నెల్లూరులో పని చేస్తున్నాడు' అంటే ఈ నిమిషంలో చేస్తున్న పనైనా కావచ్చు, పదేళ్లుగా చేస్తున్న ఉద్యోగమైనా కావచ్చు. అందుకే పిల్లలు అన్నిటికీ 'ఈజ్ వర్కింగ్' తగిలిస్తారు. విడి వాక్యాలు ఎన్ని రాయించినా ఈ చిక్కు విడదు, ఎందుకంటే విడి వాక్యంలో ఎప్పుడు, ఎందుకు అన్న సందర్భం ఉండదు. సందర్భం పేరాలో దొరుకుతుంది.

పేరా అంటే పెద్దది అక్కర్లేదు. పది వాక్యాలు, యాభై అరవై మాటలు, కొత్త మాటలు మూడు నాలుగుకు మించకుండా ఉంటే చాలు. ఉదాహరణకు ఇది చూడండి:

'రమణమ్మ లివ్స్ ఇన్ కొత్తపట్నం. షి సెల్స్ ఫిష్. ఎవ్రీ మార్నింగ్ షి గోస్ టు ద బీచ్. ద బోట్స్ కమ్ ఎట్ సిక్స్. షి బైస్ టూ బాస్కెట్స్ ఆఫ్ ఫిష్. దెన్ షి టేక్స్ ఎన్ ఆటో టు ఒంగోల్. షి సిట్స్ నియర్ ద మార్కెట్. పీపుల్ బై ద ఫిష్ బిఫోర్ టెన్. హర్ సన్ హెల్ప్స్ హర్ ఆన్ సండేస్. షి రీచెస్ హోమ్ ఎట్ ట్వెల్వ్.'

మొదటి పీరియడ్‌లో టీచరు రెండుసార్లు పైకి చదవాలి. పిల్లలు క్రియల కింద గీత గీయాలి, 'ఎవ్రీ మార్నింగ్' లాంటి కాలం చెప్పే మాటల చుట్టూ సున్నా చుట్టాలి. గ్రామర్ పేరు ఒక్కటీ ఎత్తకూడదు. పది క్రియలు దొరుకుతాయి. ఎనిమిదింటి చివర 'స్' ఉంది, 'కమ్', 'బై' రెండింటికి లేదు. ఎందుకు లేదో పిల్లల చేతే చెప్పించాలి. చాలామంది 'బోట్స్ కమ్స్' అని రాసేది ఇక్కడే. పడవలు చాలా ఉన్నాయి గనుక పేరుకు 'స్' వచ్చింది, క్రియకు పోయింది. 'పీపుల్' చివర 'స్' లేకపోయినా అది బహువచనమేనని కూడా ఇక్కడే పట్టుబడుతుంది.

మర్నాడు 'ఎవ్రీ మార్నింగ్' తీసేసి 'ఎస్టర్‌డే మార్నింగ్' పెట్టి, పేరా అంతా తిరగరాయమనాలి. అసలు పాఠం ఇక్కడుంది. మొదటి రెండు వాక్యాలు మార్చాల్సిన పనే లేదు. రమణమ్మ నిన్నా నేడూ కొత్తపట్నంలోనే ఉంటుంది, చేపలే అమ్ముతుంది. మిగతా ఎనిమిదీ మారతాయి: వెంట్, కేమ్, బాట్, టుక్, శాట్, మళ్లీ బాట్, హెల్ప్‌డ్, రీచ్‌డ్. కొడుకు వాక్యంలో క్రియ ఒక్కటే మారిస్తే సరిపోదు, 'ఆన్ సండేస్' కూడా తీసేయాలి. ఇంత ఆలోచన ఏ చార్టూ చేయించదు.

పలకడం కూడా అప్పుడే సరిదిద్దాలి. 'హెల్ప్‌డ్', 'రీచ్‌డ్' చివర వినిపించాల్సింది 'ట్' శబ్దం. 'కాల్డ్' చివర 'డ్', 'వెయిటెడ్' చివర 'ఇడ్'. 'హెల్పెడ్' అని రెండు ముక్కలుగా పలికే అలవాటు ఆరో తరగతిలో ఆపకపోతే ఇంటర్ దాకా వెంట వస్తుంది.

ప్రశ్నలు మూడో రోజుకు. 'వేర్ డిడ్ షి వెంట్?' అన్న తప్పు దాదాపు ప్రతి తరగతిలోనూ వినిపిస్తుంది. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' తన మీద వేసుకున్నాక అసలు క్రియ మళ్లీ 'గో' అయిపోతుంది. 'డజ్ షి సెల్స్' తప్పవడానికీ ఇదే కారణం, ఆ 'స్' అప్పటికే 'డజ్'లో చేరిపోయింది. ఈ రెండు తప్పులనూ ఒకే పూట, ఒకే బోర్డు మీద పక్కపక్కన రాసి చూపితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. నాలుగో రోజు సొంతంగా ఐదు వాక్యాలు రాయించాలి. అమ్మ రోజూ చేసే పనులో, ఆటో నడిపే బాబాయి పనులో, ఏవైనా సరే. దిద్దేటప్పుడు ఆ వారం చెప్పిన టెన్సు తప్పుల కిందే గీత పెట్టాలి. స్పెల్లింగు, ఆర్టికల్స్ అన్నీ ఒకేసారి ఎర్రసిరాతో నింపితే పిల్లవాడు ఏదీ చూడడు.

కొన్ని బళ్లలో పేరా ఇచ్చినా, దాన్ని పన్నెండు టెన్సుల్లోకీ మార్చమంటున్నారు. 'షి ఈజ్ సిట్టింగ్ నియర్ ద మార్కెట్ ఎవ్రీ మార్నింగ్' లాంటి తప్పు వాక్యాలు అలాగే పుడతాయి. కంటిన్యువస్, అంటే ఇప్పుడు జరుగుతున్న పనిని చెప్పే టెన్సు, నేర్పాలంటే 'ఇప్పుడు ఆరు గంటలైంది, రమణమ్మ ఏం చేస్తోంది?' అని అడగాలి. 'షి ఈజ్ బైయింగ్ ఫిష్' అన్న జవాబు సహజంగా వస్తుంది. ఆరు, ఏడు తరగతులకు సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ కంటిన్యువస్, 'విల్' అనే నాలుగూ గట్టిగా వస్తే చాలు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ కోసం ఆ వయసులో ఒక్క పీరియడ్ కూడా ఖర్చు పెట్టొద్దు.

ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు నెల్లూరు రొట్టెల పండుగకు మించిన పాఠం లేదు. కోరికతో రొట్టె తీసుకున్నవాళ్లు, అది తీరాక మళ్లీ వచ్చి స్వర్ణాల చెరువులో ఇంకొకరికి రొట్టె ఇస్తారని మన పిల్లలకు చెప్పక్కర్లేదు. 'లాస్ట్ ఇయర్ షి టుక్ ఎ రొట్టె. హర్ విష్ హాజ్ కమ్ ట్రూ. సో షి ఈజ్ గివింగ్ ఎ రొట్టె టుడే.' మూడు వాక్యాల్లో మూడు టెన్సులు. నిరుడు తీసుకుంది, కోరిక తీరింది అని తెలుగులో రెండిటికీ ఒకే కాలం వాడతాం. ఇంగ్లిష్ మాత్రం ఎప్పుడు జరిగిందో చెప్పినప్పుడు 'టుక్' అంటుంది, దాని ఫలితం ఇవాళ చేతిలో ఉందని చెప్పేటప్పుడు 'హాజ్ కమ్' అంటుంది. 'లాస్ట్ ఇయర్ షి హాజ్ టేకెన్' ఎందుకు తప్పో ఈ ఉదాహరణతో ఎనిమిదో తరగతి పిల్లలు తామే చెప్పగలరు.

విద్యాశాఖ అధికారులకు విన్నపం ఒకటుంది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఇంగ్లిష్ టీచర్లు కూర్చుని ఇలాంటి పేరాలు తయారు చేసుకునేలా చూడండి. ఉదయగిరి చెక్క చెంచాలు, టంగుటూరు పొగాకు బ్యారన్లు, మైపాడు బీచ్, ఒంగోలు గిత్తలు, విషయాలకు కొదవేం లేదు. స్లిప్ టెస్టుల్లో బ్రాకెట్లో క్రియ ఇచ్చి ఖాళీ పూరించమనే విడి వాక్యాలు తగ్గించి, క్రియలు తీసేసిన పేరా ఇవ్వండి. విడి వాక్యంలో పిల్లలు 'ఎస్టర్‌డే' కనబడగానే వి2, అంటే 'వెంట్' లాంటి రెండో రూపం, పడేస్తున్నారు. ఆ మాట లేకపోతే దిక్కులు చూస్తున్నారు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో వారానికి ఒక పేరాకు చోటివ్వాలని కూడా కోరుతున్నాను. పది వాక్యాలకు పది లైన్లు, కింద మూడు ప్రశ్నలు సరిపోతాయి. జవాబులు అదే రోజు తలకిందులుగా అచ్చువేయకుండా మరుసటి వారం ఇవ్వండి. ట్యూషన్‌కు పంపే స్తోమత లేని ఇళ్లలోనూ టీ కొట్లోనో పంచాయతీ గ్రంథాలయంలోనో పేపరు దొరుకుతుంది.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
కావలి.