రావులపాలెంలో నా కారు గోడు విన్న బాబాయ్ గారికి

కంగారులో పేరు అడగడం మరిచిపోయాను, అందుకే ఇలా రాస్తున్నాను. మొన్న ఆదివారం అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్తుంటే రావులపాలెంలో, అరటి గెలల లారీల మధ్య, నా పెట్రోల్ కారు మొరాయించింది. నెల రోజులుగా ఇదే వరస. ఆగి ఉంటే ఒకటే వణుకు, యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం తటపటాయింపు. ఒక షెడ్డులో నాలుగు ప్లగ్గులూ మార్చారు. డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు.

మీరు మోపెడ్ స్టాండు వేసి బానెట్ ఎత్తమన్నారు. "ఆయ్, ప్లగ్గులు కాదండి, బుస్సుమంటోంది వినండి" అంటూ ఇంజను గాలి పీల్చుకునే ఇన్‌టేక్ పక్కనున్న సన్న రబ్బరు గొట్టం పగులు మీద బొటనవేలు పెట్టారు. ఇంజను ఠక్కున కుదుటపడింది! వేలు తీస్తే మళ్లీ వణుకు. గాలిని కొలిచే సెన్సార్ లెక్కకు రాని గాలి ఆ పగులులోంచి దూరుతోందనీ, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు, అది పీల్చేదే కొంచెం కాబట్టి ఆ కాస్త దొంగగాలికే అల్లాడిపోతోందనీ చెప్పారు. స్పీడులో అంతగా తెలియకపోవడం అందుకేనట.

సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పంపారు. గౌతమి వంతెన దాటేదాకా భయంభయంగానే నడిపాను, ఎక్కడా ఆగలేదు. రాజమండ్రిలో కొత్త గొట్టం వేయించాను. చాలా థాంక్సండీ. డబ్బులివ్వబోతే "టీ తాగించండి చాలు" అన్నారు. ఆ టీ డబ్బులూ మీరే ఇచ్చేశారని కొట్టువాడు చెప్పేదాకా తెలియలేదు.